లక్ష వ్యూస్‌కి ఎంత వస్తుంది? ఒడిశా సరిహద్దులో తెలుగు బ్లాగుకి యాడ్ డబ్బు లెక్క

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగులో బ్లాగు పెట్టాలనుకునే కుర్రాళ్లు, ఇంటిపట్టున ఉండి నాలుగు రాళ్లు సంపాదిద్దామనుకునే ఆడవాళ్లు ముందుగా అడిగే మాట ఒకటే: "లక్ష వ్యూస్ వస్తే ఎంత ఇస్తారు?" ఒక యూట్యూబ్ వీడియోలో పాతిక వేలంటారు. ఇంకో వీడియోలో రెండు వేలు కూడా రావంటారు. రెండూ నిజమే కావచ్చు. ప్రకటనల బజారులో ధర పలికేది పేజీ తెరిచిన మనిషిని బట్టి. ఆ మనిషి ఎక్కడున్నాడు, ఏ భాష వాడుతున్నాడు, ఆ నిమిషంలో ఏ అవసరం మీద వచ్చాడు అన్నవి మారితే, అవే లక్ష వ్యూస్ ఒకరికి టీ ఖర్చులకి వస్తాయి, ఇంకొకరికి ఇంటద్దె కడతాయి.

ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, ఆధార్ కార్డు మీద ఉన్న రాష్ట్రం వేరొకటి అయిన మనలాంటి చోట ఈ లెక్కకి ఇంకో మెలిక ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చే వీడియోల్లో దాని ఊసు ఉండదు. అందుకే ఈ వ్యాసం.

పేజీ తెరుచుకునేలోపు జరిగే వేలం

మీ బ్లాగు పేజీలో ప్రకటన కోసం కొంత జాగా వదిలారు. పాఠకుడు పేజీ తెరవగానే, అది పూర్తిగా కనబడేలోపే, ఆ జాగా కోసం కంప్యూటర్ల మధ్య ఒక వేలం జరుగుతుంది. గోపాలపూర్ ఒడ్డున పడవ దిగిన చేపలకి పాట పాడినట్టే ఇక్కడా పాడతారు, కాకపోతే ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. ఎక్కువ పాడినవాడి ప్రకటన కనబడుతుంది. బ్లాగుల్లో, వెబ్‌సైట్లలో ప్రకటనలు పెట్టించే గూగుల్ యాడ్‌సెన్స్ ఈ పని 2003 నుంచి చేస్తోంది. గెలిచినవాడు తన వెనకున్నవాడి పాటని బట్టి కట్టే పద్ధతి ముందు ఉండేది. 2021 నుంచి బ్లాగుల్లాంటి పేజీల మీద తాను పాడినంతా కట్టాల్సిందే.

పాట పాడేవాళ్లు రెండు సంగతులు చూస్తారు. పేజీలో ఏ విషయం ఉందన్నది ఒకటి, చదివే మనిషి గురించి తెలిసినవి రెండోది. పంటల బీమా గురించి రాసిన పేజీలో ట్రాక్టరు లోన్ ప్రకటన పడితే అది పేజీని బట్టి వచ్చింది. అదే పేజీలో నిన్న మీరు చూసిన చెప్పుల జత కనబడితే అది మిమ్మల్ని బట్టి వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు పక్కపక్కన కూర్చుని ఒకే పేజీ తెరిచినా ఇద్దరికీ వేరే ప్రకటనలు, వేరే ధరలు.

నాలుగు పొట్టి మాటలు

సీపీసీ అంటే ఒక క్లిక్కుకి ప్రకటనదారు ఇచ్చే ధర. సీపీఎం అంటే ప్రకటన వెయ్యిసార్లు కనబడినందుకు ఇచ్చే ధర. సీటీఆర్ అంటే వందసార్లు కనబడితే ఎన్నిసార్లు నొక్కారన్న శాతం. ఈ మూడింటితో మీరు పెద్దగా కుస్తీ పట్టక్కర్లేదు. రాసేవాళ్లకి పనికొచ్చేది నాలుగోది, ఆర్‌పీఎం. మీ పేజీలు వెయ్యిసార్లు తెరిస్తే మీకు ఎంత మిగిలిందో అది చెప్తుంది. నెలలో 20,000 పేజీ వ్యూస్, 12 డాలర్లు వచ్చాయనుకుందాం. 12ని 20,000తో భాగించి వెయ్యితో గుణిస్తే 0.60. అంటే వెయ్యి వ్యూస్‌కి 60 సెంట్లు. డాలరు 85 రూపాయలు అనుకుంటే 51 రూపాయలు.

వ్యూస్ అన్న మాటలోనే ఒక తికమక ఉంది. ఒక మనిషి వచ్చి మూడు పేజీలు చదివితే సందర్శకుడు ఒక్కడు, పేజీ వ్యూస్ మూడు, పేజీకి మూడు ప్రకటనల చొప్పున ప్రకటన కనబడినవి తొమ్మిది. ఒకరు తొమ్మిదని, ఇంకొకరు ఒకటని చెప్తుంటే ఇద్దరి లెక్కలూ ఎప్పటికీ కలవవు. "లక్ష వ్యూస్" అన్నప్పుడు ఈ మూడింటిలో ఏ లక్షో తేల్చుకోకపోతే మిగతా మాటలన్నీ గాల్లో మేడలే.

ప్రకటనదారు కట్టిన వందలో మీ చేతికి ఎంత

చాలా ఏళ్ల పాటు గూగుల్ చెప్పిన వాటా 68 శాతం. 2024 మొదట్లో లెక్క చెప్పే తీరు మారింది. ప్రకటనదారు గూగుల్ యాడ్స్ (ప్రకటనలు ఇచ్చేవాళ్లు వాడే గూగుల్ సాధనం) ద్వారా 100 రూపాయలు కడితే, కొనుగోలు వైపు సగటున 15 రూపాయలు గూగుల్ ఉంచుకుంటుంది. మిగిలిన 85లో 80 శాతం మీది. అంటే మళ్లీ 68 రూపాయలే. ప్రకటనదారు వేరే కంపెనీ ద్వారా కొంటే, ఆ కంపెనీ తన రుసుము తీసుకున్నాక మిగిలినదాంట్లో 80 శాతం వస్తుంది. ఆ రుసుము ఎంతన్నది మీకు కనబడదు.

అప్పుడే ఇంకో మార్పు కూడా వచ్చింది. అంతకుముందు ప్రధానంగా క్లిక్కుల మీద డబ్బు లెక్కకట్టేవాళ్లు. ఇప్పుడు ప్రకటన కనబడటాన్ని బట్టి కడుతున్నారు. "క్లిక్ చేయించాలి, లేకపోతే పైసా రాదు" అని చెప్పే పాత వీడియోలు ఇంకా తిరుగుతున్నాయి. అవి కాలం చెల్లినవి.

చదివేది తెలుగు, ఉండేది ఒడిశా

మన మెలిక ఇక్కడ మొదలవుతుంది. ప్రకటనదారు గూగుల్‌కి రెండు వేరువేరు షరతులు చెప్తాడు. ఒకటి ప్రాంతం: రాష్ట్రం కావచ్చు, ఊరు కావచ్చు, ఒక చోటు చుట్టూ ఇన్ని కిలోమీటర్లు అని కావచ్చు. రెండోది భాష. రెండూ కుదిరితేనే అతను ఆ పాఠకుడి కోసం పాట పాడతాడు.

విజయవాడలో ఒక కోచింగ్ సెంటర్ ఉందనుకుందాం. ప్రాంతం కింద ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పెట్టారు. భాష తెలుగు. ఇచ్ఛాపురంలో ఉన్న పాఠకుడి కోసం ఆ సెంటర్ వేలంలో ఉంటుంది. పట్టుమని 30 కిలోమీటర్లు లేని బరంపురంలో అదే పేజీ, అదే తెలుగు చదువుతున్న పాఠకుడి కోసం ఉండదు. ఇటు భువనేశ్వర్‌లో ఒక కాలేజీ ఒడిశా మొత్తాన్ని ఎంచుకుని, భాష కింద ఇంగ్లీషు, హిందీ పెట్టింది. మన పాఠకుడి ఫోను తెలుగులో ఉండి, అతను చదివేవన్నీ తెలుగు పేజీలైతే ఆ కాలేజీ కూడా అతన్ని దాటిపోవచ్చు. అటు ఆంధ్ర ప్రకటనదారు రాడు, ఇటు ఒడిశా ప్రకటనదారు రాడు. పాడేవాళ్లు తగ్గితే ధర పడిపోతుంది. పర్లాకిమిడి పాఠకుడు, మహేంద్రతనయ అవతల పాతపట్నం పాఠకుడు ఒకే వ్యాసం ఒకే పూట చదివినా మీకు వేరువేరు డబ్బులు రావడానికి ఇదొక కారణం.

అయితే కథ అంతటితో అయిపోలేదు. మనవాళ్లు చాలామంది ఫోను ఇంగ్లీషులోనే పెట్టుకుంటారు. ఒక మనిషికి రెండు మూడు భాషలు వస్తాయని గూగుల్ కూడా అంచనా వేస్తుంది. అప్పుడు ఇంగ్లీషు ప్రకటనలకి దారి తెరుచుకుంటుంది. తెలుగు పేజీలో ఇంగ్లీషు ప్రకటన కనబడితే అది తప్పు కాదు, ఆ జాగాకి ఎక్కువ పాడినవాడు అతనే.

ప్రాంతం విషయంలోనూ ఒక సడలింపు ఉంది. గూగుల్ యాడ్స్‌లో మామూలుగా ఉండే ఏర్పాటు ప్రకారం ఆ ప్రాంతంలో ఉన్నవాళ్లతో పాటు ఆ ప్రాంతం మీద ఆసక్తి చూపినవాళ్లకి కూడా ప్రకటన వెళ్లొచ్చు. రాయగడ, కొరాపుట్ నుంచి పెద్ద జబ్బు వస్తే విశాఖ బయల్దేరడం మనకి మామూలే. విశాఖ ఆస్పత్రుల గురించి వెతికిన గుణుపురం మనిషి, విశాఖ ప్రాంతం ఎంచుకున్న డయాగ్నస్టిక్ సెంటర్ వేలంలోకి వచ్చే అవకాశం ఉంది. కానీ ప్రకటనదారు ఖర్చు తగ్గించుకోవడానికి "ఇక్కడ ఉన్నవాళ్లకి మాత్రమే" అన్నది ఎంచుకుంటే ఆ తలుపు మూసుకుంటుంది.

వలస సంగతి కూడా చూడాలి. గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకి వెళ్లినవాళ్లు లక్షల్లో ఉన్నారు. సొంతూరి కబురు కోసం మీ పేజీ తెరిచిన మనిషి సూరత్‌లో ఉంటే, గూగుల్‌కి అతను సూరత్ మనిషి. అక్కడి దుకాణాలు, అక్కడి లోన్ కంపెనీలు అతని కోసం పాడతాయి. మీ పాఠకులు ఎక్కడి నుంచి వస్తున్నారో చూపించే పట్టిక యాడ్‌సెన్స్‌లోనే ఉంటుంది. అందులో ఒక్కో చోటికి ఆర్‌పీఎం ఎంతో చూస్తే నేను ఇన్ని వాక్యాల్లో చెప్పింది ఒక్క చూపులో తెలుస్తుంది.

ఠాకురాణి యాత్ర పేజీ, పంటల బీమా పేజీ

పైన చెప్పినవన్నీ కలిపి ఒక లెక్క చేద్దాం. అంకెలు ఊహించినవి, తేడా ఎలా వస్తుందో చూపడానికి.

బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్ర గురించి ఒక పేజీ రాశారు. అమ్మవారిని నేతవాళ్ల పెద్ద దేశీ బెహెరా ఇంటి ఆడపడుచుగా పుట్టింటికి తీసుకొచ్చే ఆ పండుగ రోజుల్లో ఊరు ఊరంతా ఫోన్లు పట్టుకుని తేదీలు, వేషాలు, ఫొటోలు వెతుకుతుంది. 50,000 వ్యూస్ వచ్చాయి. చదివేవాళ్లకి కొనే తొందర లేదు, కాబట్టి ఆర్‌పీఎం 30 సెంట్లు. వచ్చింది 15 డాలర్లు.

పంటల బీమా క్లెయిమ్ ఎలా లెక్కకడతారో వివరించే పేజీ ఇంకొకటి ఉంది. 4,000 వ్యూస్ మాత్రమే. కానీ ఆ పేజీకి వచ్చినవాడు ఒక ఆర్థిక నిర్ణయం అంచున ఉన్నాడు, బ్యాంకులూ బీమా కంపెనీలూ పోటీపడి పాడాయి. ఆర్‌పీఎం 4 డాలర్లు అయిందనుకోండి. వచ్చింది 16 డాలర్లు. పన్నెండో వంతు కూడా లేని పాఠకులతో ఎక్కువ డబ్బు.

దీన్ని చూసి పండుగ పేజీ దండగని అనుకునేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్తూ సవర భాష మీద చేసిన కృషి గురించి మీరు ఎంత శ్రద్ధగా రాసినా వేలంలో దానికి పెద్ద ధర పలకదు. అది వేలం కొలిచే విషయమే కాదు. ఆ పేజీ చదివి మీ మీద నమ్మకం కుదిరినవాడే రేపు బీమా పేజీకి మళ్లీ వస్తాడు.

ఏడాది పొడవునా ధరలు ఒకేలా ఉండవు కూడా. దసరా, దీపావళి ముందు కంపెనీలు ఖర్చు పెంచుతాయి. పండుగలయ్యాక ఆర్‌పీఎం పడిపోతే మీ బ్లాగుకి ఏదో అయిందని టెన్షన్ పడక్కర్లేదు.

తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా

యాడ్‌సెన్స్ తెలుగుని తన భాషల్లో చేర్చుకుంది 2018లో. అంతకు పదేళ్ల ముందే తెలుగు బ్లాగులు జోరుగా నడిచినా రాసినవాళ్లు డబ్బు ముఖం చూసింది తక్కువ.

ఇంగ్లీషు వైపు వాదన బలమైనదే. అమెరికా, బ్రిటన్ పాఠకుడి కోసం ప్రకటనదారులు మన దగ్గరికంటే ఎన్నో రెట్లు ఎక్కువ పాడతారు. రాష్ట్ర సరిహద్దు మెలిక కూడా ఇంగ్లీషు పేజీకి అంతగా అడ్డు రాదు. తెలుగు వైపు వాదన ఏమిటంటే, ఇంగ్లీషులో మీరు రాసే ప్రతి అంశం మీదా ముందే వేల పేజీలున్నాయి, వెతుకులాటలో మీది కనబడటమే గగనం. నౌపడ-గుణుపురం లైన్లో రైళ్ల గురించి, జయపురం సంత గురించి తెలుగులో తెలిసి రాసేవాళ్లు ఎంతమంది? వెయ్యి వ్యూస్‌కి వచ్చేది తక్కువైనా ఆ వెయ్యి వ్యూస్ నిజంగా వస్తాయి.

ఊరి సంగతులు బాగా తెలిసినవాళ్లకి తెలుగే మేలని నా అభిప్రాయం. కాకపోతే దాన్ని పక్క ఆదాయంగా చూడాలి, ఉద్యోగానికి బదులుగా కాదు. సాఫ్ట్‌వేర్ లాంటి, ఊరితో పనిలేని విషయం మీద పట్టు ఉన్నవాళ్లకి ఇంగ్లీషు లెక్క వేరు.

స్క్రీన్ మీద డాలర్లు, బ్యాంకులో రూపాయలు

తెర మీద కనబడే మొత్తం అంచనా మాత్రమే. నెల గడిచాక చెల్లని క్లిక్కులు తీసేసి అసలు మొత్తం ఖాయం చేస్తారు. ఖాతాలో 100 డాలర్లు దాటితేనే డబ్బు పంపుతారు, అదీ తర్వాతి నెల 21, 26 తేదీల మధ్య.

నెలకి 12 డాలర్ల చొప్పున జనవరిలో మొదలైతే సెప్టెంబరు చివరికి 108 డాలర్లు. అక్టోబరు చివరి వారంలో బ్యాంకుకి వస్తుంది. డాలరు 85 అనుకుంటే 9,180 రూపాయలు. విదేశీ డబ్బు మార్చినందుకు జీఎస్టీ కింద 45 రూపాయలు పోతాయి (లక్ష లోపు మార్పిడికి ఒక శాతం లేదా 250 రూపాయలు, ఏది ఎక్కువైతే దాని మీద 18 శాతం). బ్యాంకు తన రుసుము వేరే తీసుకోవచ్చు. తొమ్మిది నెలలకి తొమ్మిది వేలు, అంటే నెలకి వెయ్యి.

ఈ తొమ్మిది నెలల మధ్యలో చాలామంది తడబడే చోటు ఒకటుంది. సంపాదన 10 డాలర్లు దాటగానే గూగుల్ మీ చిరునామాకి మామూలు పోస్టులో ఒక చిన్న మడత ఉత్తరం పంపుతుంది. అంచులు చింపి విప్పితే లోపల ఆరు అంకెల పిన్ ఉంటుంది. రావడానికి రెండు నుంచి నాలుగు వారాలు. మొదటి పిన్ తయారైన రోజు నుంచి నాలుగు నెలల్లోపు దాన్ని ఖాతాలో ఎక్కించకపోతే మీ పేజీల్లో ప్రకటనలు ఆగిపోతాయి. పై లెక్కలో పిన్ ఫిబ్రవరి నాటికే బయల్దేరుతుంది, డబ్బు ముఖం కనబడేది అక్టోబరులో. "డబ్బులు వచ్చినప్పుడు చూద్దాంలే" అని పిన్ సంగతి వదిలేసినవాళ్లకి వానాకాలం రాకముందే ప్రకటనలు ఆగిపోతాయి. ఉత్తరం రాకపోతే మళ్లీ తెప్పించుకోవచ్చు. అలా కూడా రాకపోతే ప్రభుత్వ గుర్తింపు కార్డుతో నిరూపించుకునే దారి ఉంది.

పేరు గొడవ దీనికంటే పెద్దది. యాడ్‌సెన్స్ ఖాతాలో పేరు, బ్యాంకు ఖాతాలో పేరు ఒకటే ఉండాలి. మన ఇంటిపేరు ఒక కార్డులో పూర్తిగా ముందుంటుంది, ఇంకోదాంట్లో ఒక్క అక్షరంగా మిగులుతుంది, మూడోదాంట్లో చివరికి పోతుంది. ఒడియాలో రాసి మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పేసరికి కొన్నిచోట్ల స్పెల్లింగే మారిపోతుంది. పేరు చివర వంశం పేరు ఉండే పద్ధతికి అలవాటుపడిన ఫారాల్లో మన పేర్లు నలిగిపోతున్నాయి. విదేశం నుంచి డబ్బు వచ్చి పేరు కలవక వెనక్కి పోతే మళ్లీ నెలల తరబడి ఎదురుచూడాలి.

తెలిసినవాళ్ల క్లిక్కులు

వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టి "యాడ్ మీద ఒకసారి నొక్కండి బావా" అని అడగడం మన దగ్గర మామూలైపోయింది. సాయం చేసే మనసుతోనే నొక్కుతారు, కాదనను. కానీ ఆ క్లిక్కుకి డబ్బు కట్టేది ఎక్కడో ఒక చిన్న వ్యాపారి, నొక్కినవాడికి అతని సరుకుతో పనిలేదు. సొంత ప్రకటనలు నొక్కడం, నొక్కమని అడగడం రెండూ యాడ్‌సెన్స్ నియమాలకి విరుద్ధం. ఉన్నట్టుండి ఒకే ఊరి నుంచి, ఒకే తీరులో క్లిక్కులు పెరిగితే అవి లెక్కలోంచి పోతాయి, ఆ డబ్బు ప్రకటనదారుకి వెనక్కి జమ అవుతుంది, మరీ ఎక్కువైతే ఖాతానే మూసేస్తారు. ఇప్పుడు డబ్బు ప్రకటన కనబడటాన్ని బట్టి ఇస్తున్నా ఈ నియమం మారలేదు.

గూగుల్ మీద నడుస్తున్న వాదనలు

వేలం నడిపేదీ గూగులే, ప్రకటనదారు తరఫున కొనేదీ గూగులే, బ్లాగరు తరఫున అమ్మేదీ గూగులే. ఇది సరికాదన్న వాదన కోర్టులదాకా వెళ్లింది. 2025 ఏప్రిల్‌లో అమెరికాలో ఒక ఫెడరల్ కోర్టు, వెబ్‌సైట్లు జాగా అమ్ముకునే సాధనాల్లోనూ ప్రకటనల ఎక్స్ఛేంజిలోనూ (వేలం జరిగే చోటు) గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలబెట్టుకుందని తీర్పు చెప్పింది. మన దేశంలో వార్తాసంస్థల సంఘం ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2022 జనవరిలో దర్యాప్తుకి ఆదేశించింది. గూగుల్ వాదన వేరు: ప్రకటనదారులకీ వెబ్‌సైట్లకీ వేరే కంపెనీల సాధనాలు చాలా ఉన్నాయి, తమవి సులువుగా పనిచేస్తాయి కాబట్టే వాడుతున్నారని. సొంతంగా ప్రకటనలు తెచ్చుకోలేని చిన్న బ్లాగరుకి ఆ సులువు నిజంగానే ఉపయోగపడిందన్నది కొట్టిపారేయలేం.

రెండో వాదన వెతుకులాట గురించి. 2024 ఆగస్టులో భారత్‌లో మొదలైన గూగుల్ ఏఐ ఓవర్‌వ్యూస్, మనం అడిగిన ప్రశ్నకి జవాబు వెతుకులాట పేజీలోనే పైన చూపిస్తుంది. జవాబు దొరికాక పేజీ తెరవరని, తెరవకపోతే ప్రకటన లేదని రాసేవాళ్లు అంటున్నారు. అయినా లోపలికి వచ్చేవాళ్లు మరింత శ్రద్ధగా చదివేవాళ్లని గూగుల్ అంటోంది. తేదీ, ధర, ఫోన్ నంబరు లాంటి ఒక్క ముక్క సమాచారం మీద నడిచే పేజీలకే దీంతో ఎక్కువ దెబ్బని నాకు అనిపిస్తోంది.

ఊళ్లో దుకాణం ఇచ్చే ప్రకటన

గూగుల్‌తో పనిలేకుండా ఊరి వ్యాపారి నేరుగా ఇచ్చే ప్రకటన ఇంకో దారి. బరంపురంలో ఒక పట్టుచీరల దుకాణం నెలకి 1,500 రూపాయలిచ్చి మీ బ్లాగులో పైన తన బొమ్మ పెట్టమందనుకుందాం. నెలకి 6,000 వ్యూస్ ఉంటే వెయ్యికి 250 రూపాయలు పడింది. అవే వ్యూస్ పైన చెప్పిన వెయ్యికి 51 రూపాయల లెక్కన యాడ్‌సెన్స్‌లో 306 రూపాయలు తెచ్చేవి. ఆ వ్యాపారికి పాఠకుడు ఏ రాష్ట్రం, ఏ భాష అన్న గొడవ లేదు. బజారుకి వచ్చేవాడైతే చాలు.

కష్టం వేరేచోట ఉంది. పెళ్లిళ్ల సీజను పోయాక ప్రకటన ఆపేస్తారు. డబ్బుకి నాలుగుసార్లు తిరగాలి. పైగా "మా చీరల గురించి మంచిగా నాలుగు ముక్కలు రాయండి" అంటారు. డబ్బు తీసుకుని రాసింది మామూలు వ్యాసంలా కనబడకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చాయి. అది ప్రకటన అని పాఠకుడికి స్పష్టంగా తెలియాలి. డబ్బు తీసుకుని పెట్టిన లింకుకి ఆ సంగతి తెలిపే గుర్తు కోడ్‌లో ఉండాలన్నది గూగుల్ నియమం. లేకపోతే వెతుకులాటలో మీ పేజీ కిందికి పోవచ్చు.

పన్ను సంగతి చిన్నదే. యాడ్ డబ్బు ఆదాయపు పన్ను లెక్కలో మీ మిగతా ఆదాయంతో కలుస్తుంది. విదేశం నుంచి వచ్చే డబ్బులో మామూలుగా టీడీఎస్ కోత ఉండదు కాబట్టి రిటర్నులో చూపించే బాధ్యత మీదే. సేవల మీద ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం రాదు. దుకాణం నుంచి నగదుగా తీసుకున్న 1,500 కూడా ఆదాయం లెక్కలోకే వస్తుంది.